మాడు మీద చెయ్యి

(తిరుపతికి దగ్గర్లోని ఒక పల్లెలో, అంగన్వాడీ కేంద్రం వరండాలో, గర్భిణులు, బాలింతలు, వాళ్ల అమ్మలు, అత్తలు, ఆశా కార్యకర్తల ముందు ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగం. ఫోన్ రికార్డు నుంచి రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ అవ్వలు ముందుకు రండమ్మా, ఈరోజు ఎక్కువ మాట్లాడేది మీతోనే. కుర్చీలు చాలకపోతే ఈ చాప మీద కూర్చోండి. నెలలు నిండినవాళ్లు గోడకు ఆనుకోండి. బిడ్డ ఏడిస్తే ఇక్కడే పాలివ్వండి, లేచి బయటికి పోవాల్సిన పని లేదు.

నేను ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేశాను. సగం కాలం కాన్పుల వార్డులో, సగం పసిపిల్లల వార్డులో. తొలిచూలు తల్లులు పాల సంగతి అడిగాక ఎక్కువగా అడిగింది ఒకటే. "సిస్టర్, నెత్తి మీద ఇక్కడ మెత్తగా ఉంది, కొట్టుకుంటా ఉంది, ఏమన్నా అవుతుందా?" అడిగేటప్పుడు వేలు చూపిస్తారు, కానీ ఆ చోట పెట్టరు. జానెడు దూరంలో గాల్లోనే ఆపేస్తారు. నీళ్లు పోసేటప్పుడు కూడా ఆ చోటును వదిలేసి చుట్టూ తుడుస్తారు. నెల తిరిగేసరికి అక్కడ పసుపుపచ్చ పెచ్చులు కడతాయి. ఆ పెచ్చులు చూసి ఇంకా భయం, ఇంకా తాకరు. మీ వేలికీ బిడ్డ మాడుకూ మధ్య ఉన్న ఆ జానెడు దూరాన్ని తీసేద్దామనే నేను ఈరోజు ఇక్కడికి వచ్చింది.

మాడు అంటాం మనం. కొందరు నడినెత్తి అంటారు, డాక్టర్లు ఫాంటనెల్ అంటారు. బ్రహ్మరంధ్రం అని కూడా అంటారు. ఆ పేరు వినగానే అక్కడ నిజంగానే రంధ్రం ఉందనుకుని, వేలు తగిలితే లోపలికి దిగిపోతుందని భయపడేవాళ్లను చూశాను. రంధ్రం లేదమ్మా. పైన చర్మం, దాని కింద ఎముకలను కలిపే గట్టి పొర, దాని కింద మెదడును చుట్టుకున్న ఇంకో మందపాటి పొర. ఇన్ని ఉన్నాయి. లేనిది ఎముక ఒక్కటే. తల తుడిస్తే, నూనె రాస్తే, మెత్తటి దువ్వెనతో దువ్వితే, ముద్దు పెట్టుకుంటే ఏమీ కాదు. మే నెల వచ్చిందంటే మాడు పగిలే ఎండ అంటాం కదా, ఆ మాట పట్టుకుని పసిదాని మాడు పగిలిపోతుందేమో అనుకోకండి. 

మరి ఎముక ఎందుకు లేదు? పెద్దవాళ్ల పుర్రె బోర్లించిన చెంబులా ఒకే ముక్కగా కనిపిస్తుంది. పుట్టేటప్పుడు మాత్రం తలకప్పు అయిదు పలకలుగా ఉంటుంది. నుదుటి వైపు రెండు, రెండు పక్కలా రెండు, వెనక ఒకటి. పలకకూ పలకకూ మధ్య సన్నటి అతుకు. మన తిరుపతిలో నాలుగు కాళ్ల మండపం దగ్గర వీధులు కలిసినట్టు ఈ అతుకులు కొన్ని చోట్ల కలుస్తాయి. ఆ కూడళ్లలో ఎముక ఇంకా పట్టక కొంచెం జాగా మిగులుతుంది. అదే మాడు. నిజానికి ఆరు ఉంటాయి. కణతల దగ్గర రెండు, చెవుల వెనక రెండు. ఈ నాలుగూ మన చేతికి పెద్దగా తగలవు. నెత్తికి వెనక ఒకటి, చిన్న వేలి కొన పట్టేంత త్రికోణం, రెండు మూడు నెలల్లో పూడిపోతుంది. ముందు వైపున గాలిపటం ఆకారంలో ఉండేది మనం మాడు అనేది. పుట్టినప్పుడు సగటున 2 సెంటీమీటర్ల పైచిలుకు. కొందరికి ఒక సెంటీమీటరు కూడా ఉండదు, కొందరికి మూడున్నర. పక్కింటి పాప మాడుతో మీ పాప మాడు పోల్చి టెన్షన్ పడొద్దు.

కాన్పు గదిలో ఈ కూడళ్లు మాకు ఎంత ఉపయోగమో చెప్తా, నాకు బాగా ఇష్టమైన సంగతి ఇది. నొప్పుల్లో ఉన్న తల్లిని పరీక్ష చేసేటప్పుడు మాకు కంటికి కనిపించేది ఏమీ ఉండదు. రెండు వేళ్లే కళ్లు. ముందు వేలికి ఒక గీత తగులుతుంది, పలకల మధ్య అతుకు అది. దాని వెంట మెల్లగా పోతే ఒక కూడలి వస్తుంది. అక్కడ మూడు గీతలు కలిశాయా, నాలుగా? మూడైతే వెనక మాడు. అంటే బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనించి, తల బాగా వంచుకుని దిగుతోంది. అలా వంచుకుంటే దారిలోకి వచ్చే తల కొలత సుమారు 9.5 సెంటీమీటర్లు. వేలికి నాలుగు గీతల కూడలే తగులుతూ ఉంటే బిడ్డ తల ఎత్తుకుని వస్తోందని, కొలత 11 దాటుతుందని, కాన్పు ఆలస్యం కావచ్చని మాకు తెలిసిపోతుంది. ఇంకా లోకం చూడని బిడ్డ ముఖం ఎటు ఉందో ఆ చిన్న త్రికోణం చెప్పేది. మూడు గీతలు వేలికి తగిలినప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది.

దారి ఇరుకు, తల పెద్దది. అందుకే ఆ పలకలు ఒకదాని మీదికి ఒకటి కొద్దిగా జరిగి, తల సన్నబడి బయటికి వస్తుంది. పుట్టగానే కొందరు పిల్లల తల సొరకాయలా పొడుగ్గా ఉండేది ఇందుకే. నాలుగైదు రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ తలను చూసి అత్తలు, అమ్మలు గుండ్రంగా చేయాలని ఒత్తడం మొదలుపెడతారు. దయచేసి ఒత్తకండి. ఆవాల దిండు కూడా వద్దు. బిడ్డను వెల్లకిలా, చదునైన పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లెదుటే కాసేపు బోర్లా వేయండి. తల ఎప్పుడూ ఒకే పక్కకు ఉండకుండా మారుస్తూ ఉండండి. తల గుండ్రం కావడానికి ఇంతకన్నా చేయాల్సింది లేదు.

కాన్పు అయిపోయింది కదా, ఇంకా మాడు ఎందుకు తెరిచి ఉండాలి అంటారా? మెదడు కోసం. పుట్టినప్పుడు బిడ్డ మెదడు సుమారు 350 గ్రాములు. ఏడాది నిండేసరికి సుమారు 900. తల చుట్టుకొలత పుట్టినప్పుడు 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటే మొదటి ఏడాదిలోనే 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. మొదటి మూడు నెలలు నెలకు రెండు, తర్వాత మూడు నెలలు నెలకు ఒకటి, ఆ తర్వాత నెలకు అర చొప్పున. ఆడపిల్లకు పావడా కుట్టించేటప్పుడు కింద టక్కులు వేయిస్తాం కదా, ఏటికేడు విప్పుకోవచ్చని. ఈ అతుకులు, మాడులు అలాంటివే. మెదడు పెరిగే కొద్దీ పలకలు ఎడంగా జరుగుతాయి, అంచుల్లో కొత్త ఎముక పడుతుంది.

ముందు మాడు ఎప్పుడు పూడుతుందని అందరూ అడుగుతారు. నూరు మంది పిల్లల్ని తీసుకుంటే మొదటి పుట్టినరోజుకి 38 మందికి పూడి ఉంటుంది, రెండేళ్లకు 96 మందికి. అంటే ఏడాది బిడ్డకు మాడు మెత్తగా ఉందంటే అది లోపం కాదు, సగం మందికి పైగా అలాగే ఉంటుంది. రెండేళ్లు దాటినా పెద్దగా తెరుచుకునే ఉంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ తక్కువైనా, విటమిన్ డి లేక ఎముకలు మెత్తబడినా, తలలో నీరు చేరినా అలా ఉండొచ్చు. పుట్టిన బిడ్డకు వెనక మాడు కూడా బాగా పెద్దగా ఉంటే థైరాయిడ్ పరీక్ష అడగండి. ఆ జబ్బును మొదటి వారాల్లోనే పట్టుకుని మందు మొదలుపెడితే బుద్ధి ఎదుగుదల దెబ్బతినదు.

మరీ తొందరగా పూడినా భయపడతారు. మాడు చిన్నదైపోయినా తల కొలత మామూలుగా పెరుగుతుంటే చింత లేదు. అందుకే టీకాకి పోయిన ప్రతిసారీ, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల, బరువుతో పాటు తల కూడా టేపుతో కొలిచి కార్డులో రాయమని అడగండి. ఆశా అక్కలూ, మీరు కూడా టేపు పెట్టుకోండమ్మా. తల పెరగడం ఆగిపోయినా, అతుకు వెంట గట్టుకట్టినట్టు ఎముక లేచినా, తల ఒక పక్కకు వంకరగా ఎదుగుతున్నా, అతుకులు ముందే మూసుకుపోయాయేమో చూడాలి. రెండు, రెండున్నర వేల మందిలో ఒకరికి అలా అవుతుంది. దానికి ఆపరేషన్ ఉంది, మొదటి ఏడాదిలోనే చేస్తే ఫలితం బాగుంటుంది.

ఇప్పుడు ఆముదం దగ్గరికి వద్దాం. అవ్వలు నా వైపు అనుమానంగా చూస్తున్నారు, తిడతానేమోనని. తిట్టను. మా అమ్మ నా బిడ్డలిద్దరికీ రోజూ మాడుకు ఆముదం పెట్టింది. పొద్దున్నే అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, రెండు చేతులూ రుద్ది వేడి చేసుకుని, అరచేతిని మాడు మీద పెట్టి కాసేపు అలాగే ఉంచేది. మాడు చల్లబడుతుంది, తొందరగా గట్టిపడుతుంది అనేది. ఆముదంతో మాడు పూడదు. నూనె చర్మం దాటి మెదడులోకి పోదు. నర్సు చదువు చదివిన నేను అమ్మతో ఆ రోజుల్లో ఈ మాట మీద వాదన పెట్టుకున్నాను. వాదనలో నాది రైటే. కానీ నేను చూడంది ఒకటుంది. మా అమ్మ చెయ్యి రోజూ, ఒకే వేళకు, ఒకే చోట, ఆ మాడు మీద పడేది. ఆ చేతికి నిన్నటి మాడు గుర్తుండేది. ఆముదం ఏం చేసిందో ఏమో గాని, ఆ చెయ్యి ఊరికే ఉండలేదు. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత, ఒక రాత్రి డ్యూటీలో తెలిసింది. ఆ సంగతి చెప్పే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను.

అందరూ మీ చెంప మీద చూపుడు వేలు, మధ్య వేలు ఆనించండి. గోరు కాదు, వేలి మెత్త. నోరు వదులుగా ఉంచండి. మెత్తగా, కొద్దిగా లోపలికి ఉంది కదా? ఏడవకుండా, నిటారుగా ఎత్తుకున్న బిడ్డకు మాడు ఇలా ఉండాలి. చదునుగా గాని, రవ్వంత లోతుగా గాని. ఇప్పుడు బుగ్గల్లో గాలి పూరించి గట్టిగా పట్టుకుని తాకి చూడండి. బిర్రుగా ఉంది, వేలిని పైకి తోస్తోంది. అది ఉబ్బిన మాడు. ఇప్పుడు బుగ్గలు లోపలికి పీల్చండి. గుంట పడింది. అది దిగిపోయిన మాడు. మూడూ మీ చెంప మీదే ఉన్నాయి. ఇంటికి పోయి మళ్లీ చేసుకోండి, మీ ఆయనకీ నేర్పండి.

మాడు కొట్టుకోవడం గురించి. అది నాడి. కింద రక్తనాళాలున్నాయి, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ అల కనిపిస్తుంది. మామూలే. పాలు తాగుతున్నప్పుడు, పల్చటి జుట్టు ఉన్న పిల్లలకు ఇంకా బాగా కనిపిస్తుంది. ఏడ్చినప్పుడు, ముక్కినప్పుడు, పడుకోబెట్టినప్పుడు మాడు కాస్త పైకి లేస్తుంది. అదీ మామూలే. ఊరుకోబెట్టి, నిటారుగా ఎత్తుకుంటే దిగిపోవాలి. దిగిపోకపోతే?

ఇక ఆ రాత్రి సంగతి. ఏ ఆస్పత్రో చెప్పను, ఎక్కడైనా ఒకటే. మూడు నెలల మగబిడ్డ. జ్వరం, రెండు సార్లు వాంతి. తల్లి పక్కన అవ్వ. నేను జ్వరం చూశాను, 101 ఉంది. అవ్వ అంది, "మాడు నిన్నటి మాదిరి లేదమ్మా." బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నేను, "ఏడుస్తున్నాడు కదా అవ్వా, అందుకే లేచింది" అని పక్క మంచం దగ్గరికి పోయాను. అలవాటైన జవాబు, నోటికి వచ్చేసింది. అరగంట తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఏమీ మాట్లాడలేదు. నా మణికట్టు పట్టుకుని తీసుకుపోయి, నా చేతిని బిడ్డ తల మీద పెట్టింది. బిడ్డ ఏడుపు మానేశాడు. తల్లి భుజం మీద నిటారుగా ఉన్నాడు, కళ్లు సగం మూసుకుని. మాడు బిర్రుగా ఉంది. ఇందాక మీరు గాలి పూరించిన బుగ్గలా. కొట్టుకోవడం కూడా సరిగా తెలియడం లేదు. డాక్టరును పిలిచాను. వెన్ను నుంచి నీరు తీసి పరీక్ష చేశారు. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్, మెనింజైటిస్. మూడు వారాలు సూదులు. బిడ్డ బతికాడు, ఇంటికి పోయాడు. ఆ అరగంట నాది. ఇప్పటికీ నిద్రలో ఆ చెయ్యి నా మణికట్టు పట్టుకుంటుంది.

తర్వాత అడిగాను, అవ్వా నీకెలా తెలిసింది అని. "రోజూ ఆముదం పెడతా కదమ్మా" అంది. అంతే. జబ్బు పేరు ఆమెకు తెలియదు. నిన్నటికీ ఈరోజుకీ తేడా తెలుసు. నాకు జబ్బు పేర్లన్నీ తెలుసు, ఆ బిడ్డ నిన్నటి మాడు ఎలా ఉందో తెలియదు. ఏ డాక్టరుకూ తెలియదు. అది ఇంట్లో వాళ్లకే తెలుస్తుంది, అదీ బిడ్డ బాగున్న రోజుల్లో తాకితేనే.

ఊరుకున్నాక కూడా మాడు ఉబ్బి ఉందంటే పొద్దున దాకా చూద్దాం అనొద్దు. దానితో జ్వరం గాని, వాంతులు గాని, పాలు మానేయడం, మత్తుగా పడుండటం, ఫిట్స్, సన్నగా ఆగని ఏడుపు గాని ఉంటే 108కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా ఆస్పత్రి ఉంది, చిత్తూరులో జిల్లా ఆస్పత్రి ఉంది. మాడు మామూలుగానే ఉంది కదా అని జ్వరం వచ్చిన చిన్న బిడ్డను ఇంట్లో ఉంచుకోవడం కూడా తప్పే. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే మాడు ఎలా ఉన్నా ఆస్పత్రికే.

ఉబ్బిన మాడుతో వచ్చిన పిల్లల్లో ఇంకొందరిని చూశాను. నెల, నెలన్నర వయసు. తల్లిపాలు తాగుతూ బొద్దుగా ఉన్నవాళ్లు, ఒక్కసారిగా పాలు వదిలేసి, తెల్లగా పాలిపోయి వచ్చేవాళ్లు. అది ఇన్ఫెక్షన్ కాదు, మెదడులో రక్తస్రావం. పుట్టగానే తొడకు పడాల్సిన విటమిన్ కె సూది పడలేదు. పుట్టిన బిడ్డ ఒంట్లో ఆ విటమిన్ చాలా తక్కువ, తల్లిపాలలోనూ తక్కువే, అది లేకపోతే రక్తం గడ్డకట్టదు. అలాగని తల్లిపాలు మానొద్దు. 1 మిల్లీగ్రాము సూది ఒక్కటి వేయిస్తే చాలు. కాన్పు ఎక్కడ జరిగినా, దారిలో ఆటోలో జరిగినా సరే, "విటమిన్ కె ఇచ్చారా" అని అడగండి. ఈ ఒక్క మాట ఈరోజు ఇక్కడ ఉన్న గర్భిణులంతా గుర్తుపెట్టుకుంటే నేను వచ్చిన పని అయినట్టే.

ఇక మాడు గుంటపడటం. ఇది మన వైపు ఎండాకాలంలో ఎక్కువ చూసేవాళ్లం. విరేచనాలు, వాంతులు, ఒంట్లో నీరు పోవడం. దిష్టి తగిలింది, మాడు దిగిపోయింది అని నూనె పట్టించి, ఎర్రనీళ్లు తీసి, తెల్లారి తీసుకొచ్చేవాళ్లు. దిష్టి తీయండి, కాదనను, ఒక నిమిషం పని అది. కానీ ఒక చేత్తో ఓఆర్ఎస్ కలుపుతూ తీయండి. మన పాత ఆయుర్వేదంలో తాలుకంటకం అని ఒక పసిపిల్లల రోగం రాశారు. నెత్తిన పల్లం పడుతుంది, బిడ్డ రొమ్ము వద్దంటుంది, నీళ్ల విరేచనం, దాహం, వాంతి, మెడ నిలవదు. కారణం వాళ్లు వేరే చెప్పారు, కానీ గుంటపడ్డ మాడునూ నీళ్ల విరేచనాన్నీ ఒకే చోట చేర్చి చూశారు. అంత కాలం కిందటే ఆ చూపు ఉన్న మనం, ఈరోజు మాడు ఒక్కటే చూసి నూనెతో సరిపెట్టడం ఏమిటమ్మా.

మాడు గుంట పడేదాకా కూడా ఆగొద్దు. అప్పటికే నీరు బాగా పోయి ఉంటుంది. అంతకు ముందే నోరు ఎండుతుంది, ఏడిస్తే కన్నీళ్లు రావు, ఉచ్చ తగ్గుతుంది. పొద్దున్నుంచి ఎన్ని గుడ్డలు తడిసాయో లెక్క పెట్టండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపి మిగతాది డబ్బాలో దాచడం కాదు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు బిడ్డకు పావు కప్పు నుంచి అర కప్పు, చెంచాతో, మెల్లగా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ. తల్లిపాలు ఆపకూడదు, ఇంకా ఎక్కువ ఇవ్వాలి. జింకు మాత్ర పద్నాలుగు రోజులు, ఎంత వేయాలో ఏఎన్ఎం చెప్తుంది. మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు లోతుకు పోయినా ఆస్పత్రికి. 

ఎండకు గొంతు ఎండిపోతుందని నెల బిడ్డకు నీళ్లు తాగించకండి. తల్లిపాలలో వందకు 88 పాళ్లు నీళ్లే. ఆరు నెలల దాకా మే నెలలో కూడా పాలు చాలు. నీళ్లు తాగాల్సింది తల్లి.

వద్దని చెప్పాల్సినవి గబగబా చెప్పేస్తా. ముక్కులో నూనె వేయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెవుల్లోనూ వేయొద్దు. మాడు మీద సున్నం, కర్పూరం, ఆకుల పసరు పట్టించొద్దు. వాతలు ససేమిరా వద్దు. పెచ్చులు కడితే రాత్రి కాస్త కొబ్బరి నూనె రాసి నానబెట్టి, పొద్దున మెత్తటి గుడ్డతో తుడిచి నీళ్లు పోయండి, మాడు మీద కూడా. గోటితో గీకొద్దు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ తల్లి ఎవరో ఇందాక లోపలికి వచ్చేటప్పుడు నన్ను అడిగారు, మాడు మీద జెల్ రాసి మిషన్ పెట్టారు, ఎందుకని. అది స్కాన్. ఎముక ఉన్నచోట ఆ శబ్ద తరంగాలు సరిగా లోపలికి పోవు. మాడు దగ్గర ఎముక లేదు కాబట్టి, కిటికీలోంచి చూసినట్టు, మెదడులో రక్తం గాని నీరు గాని చేరిందేమో చూడొచ్చు. నొప్పి ఉండదు, సూది లేదు. పెద్దవాళ్లకు ఇలా చూడటం కుదరదు, ఆ కిటికీ మూసుకుపోయి ఉంటుంది.

అడగండి బాబూ, వెనక చెయ్యెత్తారు.

"మేడమ్, మా పాపకు తొమ్మిదో నెలలో కొండకు పోయి పుట్టు వెంట్రుకలు తీయించాలని మొక్కు. మాడు ఇంకా మెత్తగానే ఉంది. కత్తి పెట్టొచ్చా?"

పెట్టొచ్చు నాయనా. మా కూతురి కొడుక్కి తొమ్మిదో నెలలోనే తీయించాం. కల్యాణకట్టలో వాళ్ల నాన్న ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. నీళ్లు తల మీద పడగానే వాడు ఏడుపు ఎత్తుకున్నాడు. జుట్టు సగం పోయేసరికి గుండు మీద మాడు పైకి లేచి, నాడి టకటక కొట్టుకోవడం అందరికీ కనిపిస్తోంది. మా అల్లుడి ముఖంలో రక్తం లేదు. "అత్తా, ఆపమనండి" అన్నాడు. క్షురకుడు ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వింటాడో. చెయ్యి ఆపాడు గాని ఏమీ అనలేదు, నా వైపు చూశాడు. నేను బిడ్డను తీసుకుని భుజాన వేసుకున్నాను. రెండు నిమిషాలకు ఊరుకున్నాడు. అల్లుడి చెయ్యి పట్టుకుని వాడి నెత్తిన పెట్టాను. చదునుగా ఉంది. మిగతా సగం జుట్టు తీశారు. ఆ తర్వాత గంధం పూస్తే, వాడే చెయ్యెత్తి తల తడుముకున్నాడు.

కాబట్టి మీరు చూసుకోవాల్సింది రెండు మూడు. బ్లేడు మీ కళ్లెదుట కొత్తది వేయాలి. తల కదలకుండా పట్టుకోవడం మీ పని, తెగడం అనేది తల కదిలితేనే. బిడ్డ పాలు తాగి, నిద్ర తీరి ఉన్న వేళకు తీసుకుపోండి. పైన చలి, తల తడి ఆరాక టోపీ పెట్టండి. గంధం పల్చగా పూసి, సాయంత్రానికి కడిగేయండి. జ్వరం గాని విరేచనాలు గాని ఉంటే ఆ నెల మానుకోండి. పదకొండో నెల ఉంది, మూడో ఏడు ఉంది. స్వామి ఎక్కడికీ పోడు.

ఇంకెవరు? ఆ అమ్మాయి.

"డాక్టరు విటమిన్ డి చుక్కలు రాశారు. అవి వేస్తే మాడు తొందరగా పూడిపోతుందని మా వదిన ఆపమంది."

ఆపకు తల్లీ. రోజుకు 400 యూనిట్లు, ఏడాది దాకా ఇచ్చే మోతాదు అది. దానికి మాడు ముందే మూసుకుపోదు. ఆపితేనే ఎముకలు మెత్తబడి, పూడాల్సిన టైముకు పూడదు. వదినను ఈసారి వెంట తీసుకురా, నేను మాట్లాడతా.

ఆశా అక్కలూ, మీకు ఒక్క మాట. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు మీరు ఇంటికి పోతారు కదా. పోయిన ప్రతిసారీ బిడ్డ మాడు మీద మీరు చెయ్యి పెట్టడం కాకుండా, తల్లి చేత పెట్టించండి. నలభై రెండో రోజుకు ఆమె చేతికి అలవాటైపోవాలి.

సరే, మాటలు చాలు. ఈ పాపకు రెండు నెలలు, పాలు తాగి మెలకువగా ఉంది, వాళ్లమ్మ ఒప్పుకుంది. ఇక్కడ సబ్బు, బకెట్టులో నీళ్లు ఉన్నాయి. చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని, ఒక్కొక్కరే రండి. గాజులు పైకి జరుపుకోండి. ఎక్కువ మంది తాకడం బిడ్డకు మంచిది కాదు, కాబట్టి ముగ్గురే. మిగతావాళ్లు ఇంటికి పోయి మీ బిడ్డ తలే పట్టుకోండి. ముందు నువ్వు రామ్మా, పాప తల్లివి నువ్వే. రెండు నెలలైంది, ఒక్కసారి కూడా తాకలేదన్నావు. చెయ్యి ఇటివ్వు. వేలి మెత్త. ఇంకా కిందికి, గాల్లో ఆపకు. ఆఁ, ఆనించు. కొట్టుకుంటోందా?